మ్రింగిన మందు ఒంటబట్టవలెను

మన గ్రామములలో మందులు పంచు దినములు ఏటేట వచ్చుచున్నవి. 2015వ సంవత్సరము నుండి జాతీయ నులిపురుగుల నివారణ దినమున బడులలోను, అంగన్‌వాడీ కేంద్రములలోను పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు ఇచ్చుచున్నారు. బోదకాలు వ్యాధి గల ప్రాంతములలో ఆశా కార్యకర్తలు ఇంటింటికి తిరిగి మాత్రలు మ్రింగించుచున్నారు. కుష్ఠు, క్షయ, మలేరియా రోగులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములనుండి మందులు ఉచితముగా అందుచున్నవి. ఈ పనులు జరుగునపుడు పంచాయతీ సభ్యులు వెంట నుండి తోడ్పడుచున్నారు. పని ముగిసిన పిమ్మట “ఇంతమందికి ఇన్ని మాత్రలు ఇచ్చితిమి” అని లెక్క వ్రాయుట పరిపాటి.

ఈ లెక్క అవసరమే. కాని ఇది చేతినుండి నోటిలోనికి పోయిన మాత్రల లెక్క మాత్రమే. రక్తములో చేరి పనిచేయవలసిన మందుల విషయమున మరియొక లెక్క కూడ కలదు. మ్రింగిన మందులో ఎంత భాగము కరగి, ప్రేగుల గోడలు దాటి, రక్తములో కలియునో అంత భాగమే రోగముతో పోరాడగలదు. తక్కినది మలముతోపాటు వెలికిపోవును. తిన్న తిండి ఒంటబట్టని బిడ్డ చిక్కిపోవునట్లే, మందు ఒంటబట్టని రోగి బాగుపడడు. పైగా, చాలీచాలని మందు తగిలిన రోగక్రిములు చావక మిగిలి, ఆ మందునకే లొంగని మొండి క్రిములగుటకు అవకాశము కలుగును. అందుచేత నీటిలో సులభముగా కరగని మందులు ఒంటబట్టుటకు శాస్త్రజ్ఞులు చేసిన ఉపాయములేవో, ఆ విషయమున గ్రామములో మనము చేయగలిగినదేదో ఈ వ్యాసమున వివరించుచున్నాము.

కరగుట మొదటి మెట్టు

సాధారణమైన మాత్ర కడుపులో పడిన కొద్దిసేపటికి నీటిని పీల్చుకొని విచ్చిపోవును. విచ్చుట వేరు, కరగుట వేరు. మట్టిబెడ్డను నీటిలో వేసినచో విచ్చిపోవును గాని కరగదు. కొంతసేపటికి బురదయై అడుగున నిలుచును. ఉప్పుబెడ్డను వేసినచో అది నీటిలో కలిసిపోయి కంటికి కానరాదు. మందు ఉప్పువలె కరగినపుడే ప్రేగుల గోడ దానిని లోనికి పోనిచ్చును. బురదవలె నిలిచియున్న మందునకు అందు ప్రవేశము లేదు.

మందు ముఖ్యముగా ఒంటబట్టునది చిన్నప్రేగులలో. చిన్నప్రేగు పొడవు సుమారు 6 మీటర్లు. తిన్న పదార్థము ఈ దూరమును సాధారణముగా 3, 4 గంటలలో దాటిపోవును. ఆలోపల మందు కరగవలెను. కరగి గోడ దాటవలెను. ఆ వేళకు కరగని మందు, సంత ముగిసిన తరువాత చేరిన సరకు బండివంటిది. సరకు మంచిదే అయినను కొనువారుండరు.

1995వ సంవత్సరమున అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు గోర్డన్ ఆమిడన్, ఆయన సహచరులు మందులను రెండు గుణములనుబట్టి నాలుగు తరగతులుగా విభజించిరి. నీటిలో కరగునా, ప్రేగుల గోడను దాటునా అనునవి ఆ రెండు గుణములు. రెండును గల మందుతో చిక్కు తక్కువ. గోడను దాటగలిగియు నీటిలో కరగని మందులు రెండవ తరగతిలోనివి. వాకిలి తెరిచియే యున్నది గాని వాకిటివరకు వచ్చు త్రాణ మందునకు లేదు. ఆ త్రాణ కలిగించుటయే మందులు తయారుచేయువారి ముఖ్యప్రయత్నము.

బోదకాలు దినమున రెండు మాత్రలు

బోదకాలు నివారణకు ఇచ్చు మాత్రలనే తీసుకొందము. అందొకటి డి.ఇ.సి. అని పిలువబడు డైఇథైల్‌కార్బమజైన్. ఇది 1947లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో వెలువడినది. అప్పుడు అచ్చటి పరిశోధనలకు నాయకత్వము వహించినవారు, 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ మందును నిమ్మ పులుసులోని ఆమ్లముతో కలిపి లవణముగా చేసి మాత్ర కట్టుదురు. ఆ లవణము నీటిలో బాగుగా కరగును. కావున డి.ఇ.సి. త్వరగా రక్తములో చేరును.

రెండవది ఆల్బెండజోల్. ఇది నీటిలో దాదాపుగా కరగదు. మ్రింగిన దానిలో నూటికి 5 పాళ్ళకన్న తక్కువయే రక్తములోనికి పోవును. ఒకే చేతితో, ఒకే గ్లాసు నీటితో మ్రింగిన రెండు మాత్రలలో ఒకటి సులభముగా లోనికి పోవుచున్నది. రెండవది చాలవరకు వెలుపలనే మిగులుచున్నది. మందుల నడుమ ఇంత భేదమున్నదని తెలిసినచో, ఆరోగ్య కార్యకర్త “ముందు భోజనము చేయుడు, పిమ్మట మాత్ర మ్రింగుడు” అని చెప్పు మాటను మనము తేలికగా తీసికొనము. బోదకాలు మాత్రలను తిన్న తరువాత మ్రింగుమనుటకు ముఖ్యకారణము కడుపులో వికారము, తలతిరుగుట తగ్గుటయే. ఆల్బెండజోల్ కొంత అధికముగా ఒంటబట్టుట దానితోపాటు కలుగు లాభము.

మందును కరగించు ఉపాయములు

మొదటి ఉపాయము మెత్తగా నూరుట. పెద్ద పటికబెల్లపు ముక్క నోటిలో చాలసేపు నిలుచును. దానినే పొడిచేసి వేసికొన్నచో వెంటనే కరగును. దీనికి కారణము తేలికగా తెలియును. ప్రక్కకు 1 సెంటీమీటరు గల ఘనమైన ముక్కకు ఆరు ముఖములు. వాని వైశాల్యము మొత్తము 6 చదరపు సెంటీమీటర్లు. దానిని 1 మిల్లీమీటరు ముక్కలుగా కోసినచో 1,000 ముక్కలగును. వాని వైశాల్యము 60 చదరపు సెంటీమీటర్లగును. పదార్థము పెరుగలేదు గాని నీరు తగులు చోటు పదిరెట్లయినది. పదార్థము కరగు వేగము ఎట్లు నిర్ణయింపబడునో 1897లోనే అమెరికా శాస్త్రజ్ఞులు నాయిస్, విట్నీ అనువారు సూత్రరూపమున తెలిపిరి.

తామర వ్యాధికి 1958 నుండి మ్రింగుటకు వాడుకలోనికి వచ్చిన గ్రిసియోఫుల్విన్ అను మందు ఇందుకు మంచి నిదర్శనము. మొదట దానిని సాధారణపు పొడిగా వాడిరి. తరువాత మిక్కిలి మెత్తని పొడిగా చేసి ఇచ్చినపుడు సగము మోతాదే మునుపటి మోతాదంత పనిచేసినది. మందు మారలేదు, నూరిన తీరు మారినది.

రెండవ ఉపాయము నూనెతో చేర్చుట. పసుపును నీటిలో వేసి కలిపినచో అడుగునకు దిగును. కాగిన నూనెలో వేసినచో నూనె అంతయు పచ్చనగును. అట్లే కొన్ని మందులు నీటితో చేరక నూనెతో చేరును. కుష్ఠు వ్యాధికి ఇచ్చు మందుల అట్టలోని క్లోఫజిమిన్ ఇట్టిది. ఇది 1950 తరువాతి దశకమున ఐర్లండు దేశపు డబ్లిను నగరమున తయారైనది. దీని సన్నని కణములను నూనెయు మైనమును కలిసిన ముద్దలో చేర్చి మెత్తని గుళికలలో నింపుదురు. ఇంత చేసినను మ్రింగిన దానిలో సుమారు సగము మాత్రమే ఒంటబట్టును. అందుచేత దీనిని భోజనముతోగాని, పాలతోగాని మ్రింగవలెనని చెప్పుదురు. ఆ గుళికను కోయుటగాని, చిదుముటగాని కూడదు.

మూడవ ఉపాయము మందు కణముల అమరికను చెదరగొట్టుట. ఇటుకలను సున్నముతో వరుసగా కట్టిన గోడనుండి ఒక ఇటుకను ఊడదీయుట కష్టము. కుప్పగా పోసిన ఇటుకలలో నుండి తీయుట సులభము. గట్టిగా కట్టుకొనియున్న మందు స్ఫటికములు గోడవంటివి. తామరకు నేడు విరివిగా వాడుచున్న ఇట్రాకొనజోల్‌ను ముందుగా కరగించి, మరియొక పదార్థముతో కలిపి, చిన్న చక్కెర పూసలపై పూతగా పూసి గొట్టములలో నింపుచున్నారు. గొట్టమును విప్పి చూచినచో ఆ పూసలు కంటికి కనబడును. స్ఫటికములుగా కట్టుకొనక ఆ పూతలో నిలిచిన మందు కడుపులో త్వరగా కరగును.

నాల్గవది మందును ఏదైన ద్రవములో ముందే కరగించి ఇచ్చుట. ఇది మంచి పద్ధతియే గాని ద్రవమును ఎన్నుకొనుటలో మిక్కిలి జాగ్రత్త వలెను. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అను మందును పిల్లలకు సులభముగా త్రాగించుటకై డైఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవములో కరగించి అమ్మిరి. మందు చక్కగా కరగినది; రుచియు బాగుండెను. కాని ఆ ద్రవము విషము. నూరుమందికి పైగా మరణించిరి. వారిలో పసిపిల్లలు అనేకులు. దాని ఫలితముగా, కొత్త మందు సురక్షితమని చూపిన పిదపనే అమ్మవలెనని 1938లో ఆ దేశమున శాసనము చేసిరి. ఇదే విషము కల్తీపడిన దగ్గు మందులవలన 2022లో గాంబియా దేశమునను, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలోను పిల్లలు ప్రాణములు కోల్పోయిరి. వైద్యుని సలహా లేక పసిపిల్లలకు దగ్గు మందులు పోయరాదనుటకు ఇంతకన్న హెచ్చరిక అక్కరలేదు.

భోజనము కూడ మందునకు తోడు

పై ఉపాయములు మందులు తయారుచేయువారి చేతిలోనివి. ఒక ఉపాయము మాత్రము మన వంటయింటిలోనే యున్నది. అది భోజనము. నూనె, నెయ్యి, పాలు మున్నగు కొవ్వుగల పదార్థములు లోనికి పోయినపుడు పిత్తాశయమునుండి పైత్యరసము ప్రేగులలోనికి దిగును. తలకు పట్టిన నూనెజిడ్డును కుంకుడు పులుసు విడదీసి నీటిలో కలుపునట్లు, పైత్యరసము కొవ్వును సన్నని బిందువులుగా చీల్చి నీటిలో కలుపును. నూనెతో చేరు స్వభావము గల మందులును ఆ బిందువులతో కలిసి ప్రేగుల గోడను చేరును. పరగడుపున పైత్యరసము స్వల్పముగా నుండును. మందునకు ఆ సహాయము లభింపదు.

మలేరియాకు ఇచ్చు ఆర్టిమీథర్, లుమిఫాంట్రిన్ కలిసిన మాత్ర విషయమున ఇది స్పష్టముగా తెలిసినది. ఈ మందును 2013 జాతీయ విధానమున ఈశాన్య రాష్ట్రములకు నిర్ణయించిరి. కొవ్వుగల భోజనముతో మ్రింగినపుడు లుమిఫాంట్రిన్ పరగడుపున మ్రింగినప్పటికన్న సుమారు 16 రెట్లు అధికముగా ఒంటబట్టినట్లు ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్షలలో తేలినది. ఇందుకు విందుభోజనము అక్కరలేదు. కొద్దిపాటి పాలైనను చాలవరకు మేలు చేయును. జ్వరముతో నోరు చేదై, తిండి సయింపని రోగికి ఇది ఎంత ముఖ్యమో ఊహింపవచ్చును. ఈ మందును 3 దినములలో 6 మోతాదులుగా ఇచ్చుదురు. రెండవ దినమున జ్వరము తగ్గినదని మానినను, ఏమియు తినక మ్రింగినను క్రిములు మిగిలిపోయి జ్వరము తిరుగబెట్టవచ్చును.

మందులకు లొంగని మొండి క్షయకు 2016 నుండి మన దేశమున ఇచ్చుచున్న బెడాక్విలిన్ కూడ భోజనముతో మ్రింగినపుడు సుమారు రెట్టింపు ఒంటబట్టును. ఇట్రాకొనజోల్ గొట్టములను కడుపునిండ తిన్న వెంటనే మ్రింగవలెను. అవి కరగుటకు కడుపులోని పులుపు కూడ కావలెను. కొందరు ఉదయమున లేవగానే గ్యాసు మాత్ర మ్రింగి, పిమ్మట తామర మందు మ్రింగుచున్నారు. గ్యాసు మాత్ర పులుపును తగ్గించును. అందుచేత తామర మందు సరిగా కరగదు. నెలల తరబడి మందు వాడినను తామర పోలేదని వాపోవువారిలో ఇట్టివారును ఉండవచ్చును.

అయితే ప్రతి మందును భోజనముతో మ్రింగవలెనని తలపరాదు. సాధారణ క్షయకు ఇచ్చు రిఫాంపిసిన్ పరగడుపున మ్రింగినపుడే ఎక్కువగా ఒంటబట్టును. పాలు లుమిఫాంట్రిన్‌కు తోడు. టెట్రాసైక్లిన్ అను మందునకు ఆటంకము. పాలలోని సున్నము ఆ మందును పట్టుకొని లోనికి పోనీయదు. ఇట్రాకొనజోల్ గొట్టమును భోజనముతో మ్రింగవలెను గాని, అదే మందు ద్రవరూపమున నున్నపుడు పరగడుపున త్రాగవలెను. కావున ఒకరికి చెప్పిన పద్ధతి మరియొకరికి పనికిరాదు. ఏ మందునకు ఆ మందు నియమమే ప్రమాణము.

ఎక్కువ ఒంటబట్టుట ఎల్లప్పుడు మేలు కాదు

ఆల్బెండజోల్ మాత్ర ఈ విషయమును చక్కగా తెలుపును. ఏలిక పాములు, కొంకి పురుగులు ప్రేగులలోనే నివసించును. మందు ప్రేగులలో నిలిచియే వానిని చంపును. రక్తములోనికి తక్కువగా పోవుట ఇచ్చట మేలే. బిడ్డ శరీరమునకు శ్రమ తక్కువ. అందుచేతనే నులిపురుగుల దినమున నెయ్యి, నూనె ప్రత్యేకముగా పెట్టవలసిన పనిలేదు.

పందిమాంసమునుండి వచ్చు బద్దెపురుగు గ్రుడ్లు అశుభ్రమైన నీటివలన, ఆహారమువలన కడుపులోనికి పోయి, మెదడులో తిత్తులుగా ఏర్పడి మూర్ఛలు కలిగించు వ్యాధి వేరొకటి కలదు. ఆ వ్యాధిలో మందు ప్రేగులను విడిచి మెదడువరకు పోవలెను. కావున వైద్యులు అదే ఆల్బెండజోల్‌ను కొవ్వుగల భోజనముతో పలుదినములు ఇచ్చుదురు. అట్లు ఇచ్చినపుడు రక్తములో మందు పరిమాణము 5 రెట్లవరకు పెరుగును. తిత్తులు చచ్చునపుడు మెదడులో వాపు కలుగు ప్రమాదమున్నది గనుక ఈ చికిత్స వైద్యుని పర్యవేక్షణలోనే జరుగవలెను. మాత్ర ఒకటే, పని వేరు, పద్ధతి వేరు. ఇంటిలో మిగిలిన మాత్రను మరియొక రోగమునకు వాడుట ఎందుకు కూడదో దీనివలన తెలియును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

1. మందులు పంచు దినమునకు ముందే దండోరా వేయించి, ఏ మందు ఇచ్చుచున్నారో, తిని రావలెనో మానవలెనో ఆరోగ్య కార్యకర్తను అడిగి అదే మాట చాటింపవలెను. బోదకాలు మాత్రలు మ్రింగువారు ముందుగా భోజనము చేసియుండవలెను. ఉదయమే కూలికి పోవువారికి మాత్రలు పరగడుపున చేతికి చిక్కకుండునట్లు, వారు అన్నము తిను వేళకు పంపకము ఏర్పాటు చేయుట మంచిది.

2. మాత్రలను ఇంటికి తీసికొనిపోనీయక, కార్యకర్త యెదుటనే మ్రింగించవలెను. త్రాగుటకు మంచినీరు, శుభ్రమైన గ్లాసులు పంచాయతీ సమకూర్చవలెను. 2 ఏండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రముగా జబ్బుపడినవారికి బోదకాలు మాత్రలు ఇయ్యరు.

3. నులిపురుగుల దినమున 1 నుండి 2 ఏండ్లలోపు బిడ్డలకు అరమాత్రయు, 2 నుండి 19 ఏండ్లవారికి ఒక మాత్రయు ఇచ్చుదురు. పెద్దపిల్లలు మాత్రను బాగుగా నమిలి మ్రింగవలెను. పసిపిల్లలకు రెండు చెంచాల నడుమ నలిపి నీటితో కలిపి ఇయ్యవలెను. ఏడ్చుచున్న బిడ్డ ముక్కు మూసి బలవంతముగా మ్రింగించుట ప్రాణాపాయము. మాత్ర ఊపిరి గొట్టమునకు అడ్డుపడవచ్చును. జబ్బుగా నున్న బిడ్డకు ఆ దినమున ఇయ్యరాదు.

4. నలుపుట, నమలుట ఈ మాత్రకు తగును గాని అన్నిటికి తగదు. పూత గల మాత్రలను, గుళికలను వైద్యుడు చెప్పనిదే విరుగగొట్టరాదు.

5. మాత్ర మ్రింగిన కొద్దిసేపటికే వాంతియైనచో ఆ మోతాదు లెక్కలోనికి రాకపోవచ్చును. రోగి తనంత తాను మరల మ్రింగక వెంటనే కార్యకర్తకు తెలుపవలెను.

6. క్లోఫజిమిన్ వాడు రోగుల చర్మము ఎఱుపు కలిసిన నలుపు రంగునకు తిరుగును. ఇది మందు లోనికి పోయినదనుటకు గుర్తు. మందు మానిన తరువాత మెల్లమెల్లగా రంగు పోవును. ఇరుగుపొరుగువారి మాటలకు సిగ్గుపడి కొందరు నడుమనే మందు మానుచున్నారు. ఊరిలో పెద్దలు ఈ సంగతి అందరికి తెలియజెప్పినచో ఆ రోగి చికిత్స పూర్తిచేయగలడు.

7. మందులను చెమ్మ తగులని చోట, వాని అట్టలలోనే ఉంచవలెను. చెమ్మతగిలి రూపుమారిన మాత్ర కడుపులో సరిగా విచ్చునని నమ్మరాదు.

8. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘ సమావేశమున ఆరోగ్య కార్యకర్తను మూడు ప్రశ్నలు అడుగవలెను. ఈ మందు తిన్న తరువాతనా, పరగడుపుననా? దీనితో కూడని పదార్థమేది? ఒక మోతాదు తప్పినచో ఏమి చేయవలెను? వచ్చిన సమాధానములను పెద్ద అక్షరములతో వ్రాయించి పంచాయతీ కార్యాలయమున కట్టించవలెను.

శాస్త్రజ్ఞులు నూరియు, నూనెలో కలిపియు, పూసలపై పూసియు కరగని మందును కరగునట్లు చేసిరి. ప్రభుత్వము దానిని ఊరివరకు చేర్చుచున్నది. ఇక మిగిలిన కొద్దిదూరము చేతినుండి ఒంటిలోనికి పోవలసిన దూరము. ఒక కబళము అన్నము, ఒక గ్లాసు నీరు, ఒక మంచి మాట అచ్చట అవసరమగుచున్నవి. ఈ మూడును ప్రతి పంచాయతీకి సాధ్యమైనవే. పంచిన మాత్రల లెక్కతోపాటు, సరియైన పద్ధతిలో మ్రింగినవారి లెక్కను కూడ పంచాయతీలు తమ పుస్తకములలో వ్రాసికొనవలెనని కోరుచున్నాము.